కొత్తది కట్టాం సరే, పాతది మూశామా?

బాయిలర్ గోడకి ఒక చిన్న కిటికీ ఉంటుంది, అరచెయ్యంత. దాని మూత పక్కకి జరిపి, వెల్డింగ్ చేసేవాళ్ళు పట్టుకునే లాంటి నల్ల అద్దం కళ్ళకి అడ్డం పెట్టుకుని లోపలికి చూడాలి. కొన్నేళ్ళ కిందట ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో నేనలా చూశాను. పొయ్యిలో మంట లాంటిది కనిపిస్తుందనుకున్నాను. లోపల మంటకి ఆకారమే లేదు. చిక్కగా, తెల్లగా, సుడులు తిరుగుతున్న వెలుగు మాత్రమే ఉంది. పిండిలా నూరిన బొగ్గు గాలితో కలిసి నాలుగు మూలల నుంచీ దూసుకొచ్చి గాల్లోనే కాలిపోతోంది. కాళ్ళ కింద ఇనుప జాలీ సన్నగా అదురుతోంది. మూత వేసేశాక కూడా చాలాసేపు కళ్ళ ముందు ఆ తెల్లటి మచ్చ అలాగే ఉండిపోయింది.

నన్ను తిప్పి చూపించిన ఇంజనీరు ఆ హోరులో నా చెవి దగ్గరికి వంగి చెప్పారు: "అయిదొందల మెగావాట్ల యూనిట్ సార్ ఇది. గంటకి దగ్గర దగ్గర మూడొందల టన్నులు తింటుంది." మనసులో భాగించుకున్నాను. నిమిషానికి ఐదు టన్నులు. నేను ఆ మెట్ల మీద నిలబడింది పది నిమిషాలు ఉంటుందేమో. ఆ కాసేపట్లో ఒక రైలు వ్యాగన్‌ నిండా పట్టేంత బొగ్గు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందని అంటాం గానీ, అది ఎక్కడికీ పోదు. పన్నెండు పాళ్ళ కర్బనం ముప్ఫై రెండు పాళ్ళ ఆక్సిజన్‌తో కలుస్తుంది. అంటే కిలో కర్బనం కాలితే మూడున్నర కిలోలు దాటిన కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. బొగ్గు కాలితే బరువు తగ్గదు, పెరుగుతుంది. కాకపోతే ఆ బరువు మన కంటికి కనిపించదు.

ఆ రోజుల్లో నేను సౌర విద్యుత్ గురించి వచ్చే ప్రతి వార్తా చదివి సంతోషపడేవాణ్ణి. అందుకే బయటికి వచ్చాక అడిగాను, ఇన్ని సోలార్ ప్యానెళ్ళు పెడుతున్నారు కదా, మీ మీద భారం తగ్గిందా అని. ఆయన కాసేపు ఆలోచించి చెప్పారు: "పగలు తగ్గిస్తాం. సాయంత్రం ఎండ పోగానే మళ్ళీ ఎత్తాల్సిందే. ఏడాది మొత్తం మీద చూస్తే మేం కాల్చే బొగ్గు తగ్గలేదు సార్. డిమాండు పెరుగుతోంది కదా."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అభివృద్ధి, ఇంధనం, పర్యావరణం గురించి నేను చదివింది చాలావరకు "ఏది కట్టాలి" అనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. సోలారా, గాలా, అణువా, గ్యాసా. ఆ ప్రశ్న ముఖ్యమే. కానీ అది సగమే. కొత్తది కట్టడంతో పాటు పాతదాన్ని మూసే తేదీ రాసుకోకపోతే, పెరిగే ఆర్థిక వ్యవస్థ రెండింటినీ వాడేసుకుంటుంది. ఇది ఊహ కాదు, ఇంధనాల చరిత్ర మొత్తం ఇలాగే నడిచింది.

ఆ చరిత్రని మనం మెట్ల వరసలా చెప్పుకుంటాం. మొదట కట్టెలు, తర్వాత బొగ్గు, ఆ తర్వాత చమురు, గ్యాసు, ఇప్పుడు ఎండా గాలీ. పై మెట్టు ఎక్కితే కింది మెట్టు వదిలేసినట్టే కదా అనిపిస్తుంది. లెక్కల్లోకి వెళ్తే అలా లేదు. పందొమ్మిదో శతాబ్దాన్ని బొగ్గు యుగం అంటారు. కానీ మనిషి అప్పటిదాకా ఎన్నడూ లేనంత బొగ్గు కాల్చింది 2024లో, దాదాపు 880 కోట్ల టన్నులు. కట్టెల కాలం ఎప్పుడో అయిపోయిందనుకుంటాం. ప్రపంచంలో ఏటా నరికే కలపలో దాదాపు సగం ఇప్పటికీ వంటచెరకుగానో బొగ్గులుగానో కాలిపోతోంది. బొగ్గు వచ్చి అడవుల్ని కాపాడిందని చెప్తారు గానీ, ఆ బొగ్గు తవ్విన గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి ఎన్ని దుంగలు కావాల్సి వచ్చాయో ఆ మాటలో ఉండదు. ఒక ఇంధనం ఇంకోదాని చోటు తీసుకోలేదు. దాని పక్కన వచ్చి కూర్చుంది, అంతే.

ఈసారి మాత్రం తేడాగా ఉంటుందని అనుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. 2010 నుంచి పదేళ్ళలో సోలార్ ప్యానెళ్ళ ధర దాదాపు 90 శాతం పడిపోయింది. లిథియం బ్యాటరీలదీ అదే దారి. 2023లో ప్రపంచ విద్యుత్తులో 30 శాతం పునరుత్పాదక వనరుల నుంచే వచ్చింది. ఒక్క చైనాయే ఆ ఏడాది 216 గిగావాట్ల సౌర సామర్థ్యం కొత్తగా పెట్టింది. అదే చైనా ప్రపంచంలో కాలే బొగ్గులో సగానికి పైగా కాలుస్తోంది. ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే ఏడాదిలో, ఒకే గ్రిడ్‌లో జరుగుతున్నాయి. పైగా విద్యుత్తు అంటే మనం వాడే శక్తిలో ఐదో వంతే. మిగతాదంతా వాహనాలు, ఓడలు, విమానాలు, ఉక్కు కొలుములు, సిమెంటు బట్టీలు, ఇళ్ళు వెచ్చబెట్టే పొయ్యిలు. మొత్తం కలిపి చూస్తే మన శక్తిలో నాలుగు వంతులు ఇప్పటికీ బొగ్గు, చమురు, గ్యాసుల నుంచే, ఒక వంతు మాత్రమే మిగతావాటి నుంచి.

గాలికి మనం ఎన్ని ప్యానెళ్ళు పెట్టామో తెలియదు. ఎంత కాల్చామో అదొక్కటే దానికి చేరుతుంది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకి 315 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉంది. ఇప్పుడు 420 దాటింది. ఆ కొలతల్ని గీతగా గీస్తే అందులో ఏటా వసంతానికి ఒక ఎగుడు, శరత్తుకి ఒక దిగుడు ఉంటాయి, ఉత్తరార్ధగోళంలో చెట్లు ఆకులు తొడుక్కోవడం, రాల్చడం వల్ల. భూమి ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. భూమి వేడెక్కడాన్ని అదుపు చేస్తామని ప్రపంచ దేశాలు చేసుకున్న ప్యారిస్ ఒప్పందం జరిగిన ఏడాది ఆ గీతలో ఎక్కడుందో వెతికితే, పక్కన తేదీ రాసి లేకపోతే, కనుక్కోలేం.

ఇక అందరూ చెప్పే వాదనకి వస్తాను. "ముందు సంపద పెరగనివ్వండి, పరిశుభ్రత దానంతట అదే వస్తుంది" అనేది. దీనికి ఒక బొమ్మ కూడా ఉంది, బోర్లించిన గిన్నె ఆకారంలో. ఆదాయం పెరిగే కొద్దీ కాలుష్యం మొదట పెరిగి, ఒక చోట ఆగి, తర్వాత తగ్గుతుందని. 1991లో జీన్ గ్రాస్‌మన్, అలాన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కొన్ని కాలుష్యాల విషయంలో ఇలాంటి తీరు కనిపిస్తోందని చూపించారు. సైమన్ కుజ్‌నెట్స్ 1955లో ఆదాయ అసమానతల గురించి ఇలాంటి వంపే గీశాడు కాబట్టి దీనికి ఆయన పేరు తగిలించారు. ఆయనకి ఈ వాదనతో ఏ సంబంధమూ లేదు. జాతీయాదాయం లెక్క కట్టే పద్ధతిని నిర్మించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఒక దేశపు క్షేమాన్ని దాని జాతీయాదాయం చూసి తేల్చలేమని 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలో రాసిందీ ఆయనే. అలాంటి మనిషి పేరు ఈ బొమ్మ మీద ఉండటం నాకు బాధగా అనిపిస్తుంది.

ఆ బొమ్మ పూర్తిగా అబద్ధం కాదు. గంధకపు పొగ, మసి, నదుల్లో కలిసే మురుగు చాలా ధనిక దేశాల్లో నిజంగానే తగ్గాయి. అయితే వాటిని తగ్గించింది డబ్బా? 1952 డిసెంబరులో లండన్ మీద ఐదు రోజుల పాటు పొగమంచు కమ్ముకుంది. ఇళ్ళ పొయ్యిల్లో, విద్యుత్ కేంద్రాల్లో కాలిన బొగ్గు పొగ గాలి కదలక నేలకి అంటుకుపోయింది. అప్పటి లెక్కలో నాలుగు వేల మంది చనిపోయారు. తర్వాత జరిగిన పరిశీలనల్లో ఆ సంఖ్య పన్నెండు వేల దాకా తేలింది. లండన్ అప్పటికే ప్రపంచంలోని సంపన్న నగరాల్లో ఒకటి. వందేళ్ళ సంపద ఆ పొగని ఆపలేదు. 1956లో చేసిన స్వచ్ఛ గాలి చట్టం ఆపడం మొదలుపెట్టింది.

పెట్రోల్లో సీసం సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇంజను కొట్టుకోకుండా ఉండటానికి 1920లలో కలపడం మొదలుపెట్టారు. సీసం విషమని అప్పుడూ తెలుసు. ప్రపంచంలో కార్ల కోసం ఆ పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా, ఆపింది 2021లో. దాదాపు వందేళ్ళు. ఆ వందేళ్ళలో ప్రపంచ సంపద ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పక్కర్లేదు. ఒక్కో దేశంలో ఒక్కో చట్టం వచ్చిన రోజున అది పోయింది, అంతకు ముందు పోలేదు. పోయాక ఏ దేశంలోనూ కార్లు ఆగిపోలేదు.

కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఈ కథ మరింత కష్టమవుతుంది. లండన్ పొగ లండన్ వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే వెళ్ళింది. దగ్గిన వాళ్ళు, ఓటేసిన వాళ్ళు, చట్టం చేసిన వాళ్ళు ఒకే ఊరి మనుషులు. కార్బన్ డయాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. ఇక్కడ వదిలింది భూమంతా పరుచుకుంటుంది, అందులో కొంత భాగం వందల ఏళ్ళు ఉంటుంది. దాన్ని వదిలినవాడికీ, దాని దెబ్బ తినేవాడికీ మధ్య సముద్రాలూ తరాలూ ఉంటాయి. పైగా ఒక దేశం తన ఉక్కు ఫ్యాక్టరీని మూసేసి ఆ ఉక్కునే ఇంకో దేశం నుంచి తెచ్చుకుంటే, కాగితం మీద శుభ్రపడుతుంది, గాలిలో ఏమీ మారదు. గిన్నె దానంతట అది బోర్లా పడుతుందని ఎదురుచూడటానికి ఇక్కడ ఏ ఆధారమూ లేదు.

అయితే ఆర్థిక వృద్ధినే ఆపేద్దామా? అలా అనే మిత్రులు నాకున్నారు. వాళ్ళ ఆవేదన నాకు అర్థమవుతుంది, వాళ్ళతో ఏకీభవించలేను. దానికి కారణం ఏ పుస్తకమూ కాదు. ఒకసారి పొగగొట్టం లేని ఒంటి గదిలో, కట్టెల పొయ్యి పక్కన గంటసేపు కూర్చోవాల్సి వచ్చింది. పొయ్యి వెనక గోడ నల్లగా నిగనిగలాడుతోంది, వేలితో రాస్తే జిగురుగా అంటుకుంది. పచ్చి కట్టె చివర నుంచి నురగ కక్కుతూ చిటపటమంటోంది. పొయ్యి ముందున్న అమ్మ ఊదుగొట్టంతో ఊదినప్పుడల్లా ముఖం పక్కకి తిప్పుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వంగేది. ఆమె ఒళ్ళో పిల్లవాడు నిద్రపోతున్నాడు. నేను గంట తర్వాత బయటికి వచ్చేశాను, రాత్రంతా దగ్గాను. ఆమె మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడే కూర్చుంటుంది.

ప్రపంచంలో ఇప్పటికీ దాదాపు 210 కోట్ల మంది ఇలాంటి పొయ్యిల మీదే వండుకుంటున్నారు. ఆ పొగ వల్ల 2020లో సుమారు 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అమ్మకి గ్యాస్ పొయ్యి ఇస్తే శిలాజ ఇంధనం వాడకం ఆ మేరకు పెరుగుతుంది. పెరగనివ్వండి. ఆ గ్యాసు లెక్క చూసి వెనకాడే పర్యావరణవాదం నాకు అక్కర్లేదు. ఆమెకి కావాల్సిన శక్తి ఎంతో కాదు. ఒక పొయ్యి, నాలుగు దీపాలు, ఒక ఫ్యాను, ఒక ఫ్రిజ్, పక్కన ఒక ఆసుపత్రి, ఒక బడి. అది వృద్ధే. ఆ వృద్ధి కోసం ఇంకెవరైనా కొంత తగ్గించుకోవాల్సి వస్తే, తగ్గించుకోవాల్సిన వాళ్ళ వరసలో నాలాంటివాళ్ళం ముందుంటాం.

కాబట్టి వృద్ధి ఉంటుందని ఒప్పుకునే లెక్క వేద్దాం. జపాన్ శాస్త్రవేత్త యోయిచి కాయా దీన్ని నాలుగు ముక్కల గుణకారంగా పెట్టాడు. ఎంతమంది మనుషులం, తలకి ఎంత ఉత్పత్తి, ఒక రూపాయి ఉత్పత్తికి ఎంత శక్తి, ఒక యూనిట్ శక్తికి ఎంత కార్బన్. ఈ నాలుగూ గుణిస్తే మనం గాలిలోకి వదిలే మొత్తం కార్బన్, అంటే ఉద్గారాలు, వస్తాయి. మొదటి రెండూ పెరుగుతున్నాయి. ప్రపంచ ఉత్పత్తి ఏడాదికి 3 శాతం పెరిగితే ఇరవై నాలుగేళ్ళ లోపే రెట్టింపవుతుంది. అలా పెరుగుతూనే ఉద్గారాలు ఏటా 5 శాతం తగ్గాలంటే, చివరి రెండు ముక్కలూ కలిసి ఏటా దాదాపు 8 శాతం తగ్గాలి. గత కొన్ని దశాబ్దాల్లో అవి తగ్గింది ఏడాదికి 2 శాతం లోపే. అందుకే, మన యంత్రాలన్నీ మెరుగవుతూనే ఉన్నా, 1990లో 2,200 కోట్ల టన్నుల దగ్గరున్న శిలాజ ఇంధనాల కార్బన్ డయాక్సైడ్ 2024కి 3,700 కోట్ల టన్నులు దాటింది.

మూడో ముక్క, అంటే పొదుపు, మనల్ని గట్టెక్కిస్తుందని చాలామంది నమ్మకం. ఇందులో ఉన్న చిక్కుని విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1865లోనే పట్టుకున్నాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం అంతకు ముందున్న న్యూకామెన్ యంత్రం కన్నా చాలా తక్కువ బొగ్గుతో అదే పని చేసింది. బొగ్గు వాడకం తగ్గాలి కదా? బొగ్గు పొదుపుగా పని చేస్తోంది కాబట్టే యంత్రం గని నుంచి బట్టల మిల్లుకీ, అక్కడి నుంచి రైలుకీ వెళ్ళింది. దేశం మొత్తం కాల్చిన బొగ్గు ఎన్నో రెట్లు పెరిగింది. ఇప్పటి విషయమే చూడండి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. పాత బల్బుని వెలుగుతుండగా ముట్టుకుంటే చెయ్యి కాలేది, ఎందుకంటే అది తీసుకున్న కరెంటులో నూటికి తొంభైకి పైగా వేడిగానే పోయేది. ఆ పొదుపు గొప్పదే. కానీ ఎల్‌ఈడీ చవకయ్యాక భవనాల గోడలే తెరలయ్యాయి, రాత్రుళ్ళు ప్రకటనలు వెలుగుతున్నాయి. మరోపక్క 2024లో ప్రపంచ విద్యుత్తులో దాదాపు 1.5 శాతం డేటా సెంటర్లకే పోయింది, ఆ వాటా పెరుగుతోంది. పొదుపు మానమని నేను చెప్పడం లేదు. పొదుపు చేసిన శక్తి ఎక్కడికి పోతోందో కాపలా కాయకపోతే అది ఇంకో దారిన ఖర్చయిపోతుంది అంటున్నాను.

మిగిలింది నాలుగో ముక్క, ఒక యూనిట్ శక్తికి ఎంత కార్బన్ అన్నది. తవ్వకం, తయారీ, నిర్మాణం అన్నీ కలిపి లెక్కేసినా, ఒక యూనిట్ కరెంటుకి బొగ్గు 820 గ్రాములు, గ్యాసు 490 గ్రాములు, సోలార్ 40 నుంచి 50 గ్రాములు, గాలీ అణువూ పది పన్నెండు గ్రాములు అని 2014లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ ఇచ్చిన మధ్యస్థ అంకెలు. ఇంత తేడా ఉన్నప్పుడు ఏది కట్టాలన్న ప్రశ్నకి జవాబు దాదాపు తేలిపోయినట్టే. తేలనిది మూసివేత.

దీన్ని నిజంగా చేసి చూపించిన దేశం బ్రిటన్. 1882లో లండన్‌లోని హోల్‌బోర్న్ దగ్గర బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం మొదలైంది. చివరిది, రాట్‌క్లిఫ్-ఆన్-సోర్, 2024 సెప్టెంబరు 30న ఆగింది. 142 ఏళ్ళు. 2012లో కూడా ఆ దేశపు కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. పన్నెండేళ్ళలో సున్నా. ఏం జరిగింది మధ్యలో? సముద్రంలో గాలిమరలు వచ్చాయి, నిజమే. వాటితో పాటు పాత కేంద్రాల పొగ మీద ఐరోపా నియమాలు బిగిశాయి. 2013లో కార్బన్‌కి కనీస ధర పెట్టారు, వదిలేవాళ్ళు కట్టాలని. 2015లో ప్రభుత్వం పదేళ్ళలోపు బొగ్గు ఉండదని తేదీతో సహా ప్రకటించింది. ఆ తేదీయే నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. తేదీ ఉన్నప్పుడు బ్యాంకు అప్పివ్వడానికి ముందు ఆలోచిస్తుంది, యజమాని కొత్త బాయిలర్ గొట్టాల మీద డబ్బు పెట్టడు, గ్రిడ్ నడిపేవాళ్ళు ప్రత్యామ్నాయం వెతకడం మొదలుపెడతారు. అయితే ఆ ఖాళీలో కొంత భాగం గ్యాసు నింపింది. ఆ గ్యాసు కథ ఇంకా ముగియలేదు.

వరస తప్పితే ఏమవుతుందో జర్మనీలో చూశాం. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత ఎనిమిది అణు రియాక్టర్లను వెంటనే పక్కన పెట్టారు. 2023 ఏప్రిల్ 15న చివరి మూడూ ఆగాయి. బొగ్గుకి మాత్రం చట్టంలో రాసిన గడువు 2038. ప్రజల్లో అణువంటే భయం ఉంది, దశాబ్దాల ఉద్యమం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ నడుస్తున్న రియాక్టర్లను ముందు మూసి, లిగ్నైట్‌ అనే నాసిరకం బొగ్గు గనుల్ని తర్వాతకి ఉంచడం తప్పు వరస అని నా గట్టి అభిప్రాయం. అంత కష్టపడి పెట్టిన సోలారూ గాలీ కొన్నేళ్ళ పాటు బొగ్గుని తోసేసే బదులు అణువు వదిలిన ఖాళీనే పూడ్చుకుంటూ వచ్చాయి. ఫ్రాన్స్ దీనికి ఎదురు దారిలో నడిచింది. చమురు ధరల దెబ్బ తగిలాక 1974లో ప్రధాని పియెర్ మెస్మెర్ అణు పథకం ప్రకటిస్తే, దాదాపు పదిహేనేళ్ళలో ఆ దేశపు విద్యుత్తులో నాలుగింట మూడు వంతులు అణువు నుంచే వచ్చింది. పర్యావరణం కోసం కాదది, చమురు మీద ఆధారపడకూడదని. అదే ఫ్రాన్స్ 2007లో మొదలుపెట్టిన ఫ్లామన్‌విల్ కొత్త రియాక్టరు గ్రిడ్‌కి ఎక్కింది 2024 డిసెంబరులో. కట్టే చెయ్యి కూడా అలవాటు తప్పితే మొద్దుబారుతుంది.

శుభ్రమైన శక్తి అంటే మచ్చ లేని శక్తి అనుకోకూడదు. చైనాలోని త్రీ గోర్జెస్ డ్యాము 22,500 మెగావాట్లిస్తుంది, పన్నెండు లక్షలకి పైగా మనుషుల్ని ఇళ్ళ నుంచి లేపేసింది. తిండి పండే నేలలో ఇంధనం పండించడాన్ని నేను ఏ లెక్కనా సమర్థించలేను. ఒక టన్ను రాగి కోసం వంద టన్నులకి పైగా రాయి తవ్వాలి, బ్యాటరీల కోబాల్టులో ఎక్కువ భాగం కాంగో గనుల నుంచి వస్తోంది, అక్కడ చేతులతో తవ్వేవాళ్ళలో పిల్లలూ ఉన్నారు. ఇవన్నీ మాట్లాడాల్సిన విషయాలే. ఒక్క తేడా మాత్రం మర్చిపోకూడదు. రాగిని ఒకసారి తవ్వితే కరిగించి మళ్ళీ వాడొచ్చు. బొగ్గుని ప్రతి ఉదయం కొత్తగా తవ్వాలి.

మూసివేత గురించి ఇంత రాసి, అక్కడ పని చేసే మనుషుల గురించి రాయకపోతే అది దుర్మార్గం. 1984-85లో బ్రిటన్ గని కార్మికులు ఏడాది పాటు సమ్మె చేశారు, ఓడిపోయారు. ఆ గనులు మూసింది పర్యావరణం కోసం కాదు, గిట్టుబాటు కావడం లేదని. కానీ ఊళ్ళకి ఊళ్ళు ఎలా కూలిపోతాయో ప్రపంచం చూసింది. బొగ్గు ప్రాంతాల్లో పర్యావరణం అనే మాట వినగానే జనానికి టెన్షన్ ఎందుకొస్తుందో అప్పుడు అర్థమవుతుంది. దీనికి భిన్నంగా 2018లో స్పెయిన్‌లో ప్రభుత్వమూ కార్మిక సంఘాలూ కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. గనులు మూస్తాం, దానికి 25 కోట్ల యూరోలు పెడతాం, పెద్ద వయసు వాళ్ళకి ముందుగా పింఛను, మిగతావాళ్ళకి శిక్షణ, తవ్వి వదిలేసిన నేలని బాగుచేసే పని. అది పెద్ద మొత్తం కాదు. కొత్త విద్యుత్ కేంద్రాల మీద పెట్టే డబ్బుతో పోలిస్తే చాలా చిన్నది. అయినా చాలా చోట్ల ఈ ఖర్చు ఎవరి పద్దులోనూ ఉండదు. ప్రాజెక్టు నివేదికలో పునాది నుంచి ప్రారంభోత్సవం దాకా ప్రతి పైసాకీ లెక్క ఉంటుంది. మూసే రోజున ఎవరికి ఏమివ్వాలో చెప్పే పేజీ కూడా అందులో మొదటి రోజు నుంచే ఉండాలని నా వాదన. ఒక బొగ్గు కేంద్రం కట్టితే నలభై ఏళ్ళు నడుస్తుంది. ఈ ఏడాది పునాది పడినది 2060లలో కూడా కాలుతూ ఉంటుంది. అప్పటికి దాని గడువు పొడిగించమని అడగడానికి, వేలమంది ఉద్యోగాల రూపంలో, చాలా న్యాయమైన కారణం ఉంటుంది.

ఆ రోజు విద్యుత్ కేంద్రంలో చివరగా కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాం. బయటి హోరు అక్కడ వినపడదు, తెరల మీద అంకెలు మాత్రం కదులుతుంటాయి. ఈ యూనిట్‌ని ఆపాలంటే ఎలా ఆపుతారని అడిగాను. ఒక స్విచ్ నొక్కుతారనుకున్నాను. ఆయన నవ్వారు. మెల్లగా లోడు దించుతాం, తర్వాత గ్రిడ్ నుంచి విడదీస్తాం, నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే టర్బైన్ షాఫ్టు వేగం తగ్గుతూ వస్తుంది, దానికే చాలాసేపు పడుతుంది అన్నారు. "అప్పుడు ఆగిపోయినట్టేనా?" అన్నాను.

"ఎక్కడ సార్. షాఫ్టు ఇంకా వేడిగా ఉంటుంది కదా. అలా వదిలేస్తే పైభాగం ఒకలా, కిందిభాగం ఒకలా చల్లారి వంగిపోతుంది. అందుకని బారింగ్ గేరు వేసి నెమ్మదిగా తిప్పుతూనే ఉంటాం."

"ఎంతసేపు?"

"రోజులు పడుతుంది. పూర్తిగా చల్లారే దాకా షిఫ్టుకొకరు దగ్గరే ఉండి చూసుకుంటాం."